బిల్లు 60 శాతం, సైటు మాట 70 శాతం: భవన నిర్మాణంలో అసలు ప్రగతిని ఏ లెక్కతో చెప్పాలి?

ప్రశ్న: రేగడి_ప్లానర్

నమస్కారం. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు విద్యాసంస్థ కట్టిస్తున్న విద్యార్థుల వసతిగృహం పనిలో కాంట్రాక్టరు తరఫున ప్లానింగ్ ఇంజనీరుగా ఉన్నాను. గ్రౌండ్ ఫ్లోరు, దానిపైన నాలుగు అంతస్తులు. కాంట్రాక్టు విలువ 10 కోట్లు, గడువు 18 నెలలు. పదో నెల ఇటీవలే ముగిసింది. ఇది ఐటమ్ రేటు కాంట్రాక్టు (ప్రతి రకం పనికీ విడి రేటు ఉండి, కొలిచిన పరిమాణానికి చెల్లించేది) కాబట్టి క్లయింటు తరఫు కన్సల్టెంటుతో కలిసి కొలతలు తీసుకుని, ప్రతి నెలా రన్నింగ్ బిల్లు పెడుతున్నాము.

పని ప్రస్తుత స్థితి ఇది. మూడు స్లాబులు పూర్తయ్యాయి. నాలుగో స్లాబుకు సెంట్రింగ్ (కాంక్రీటును మోసే తాత్కాలిక అచ్చు) నడుస్తోంది. గ్రౌండ్ ఫ్లోరులో ఇటుక గోడలు అయిపోయాయి, మొదటి అంతస్తులో దాదాపు సగం అయ్యాయి. సైటు నల్లరేగడి నేల కావడంతో పునాదులు డ్రాయింగులో చూపిన దానికంటే లోతుకు వెళ్లవలసి వచ్చింది; అక్కడ ఖర్చూ సమయమూ రెండూ ఎక్కువయ్యాయి.

నా ఇబ్బంది ఏమిటంటే, ప్రగతి ఎంత అని మా యజమాని అడిగిన ప్రతిసారీ ఒక్కొక్కరి నోట ఒక్కొక్క అంకె వస్తోంది. అకౌంట్స్ విభాగం ఇప్పటివరకు 6 కోట్లకు బిల్లు పెట్టాము కాబట్టి 60 శాతం అంటుంది. స్ట్రక్చరు అయిపోవచ్చింది, మిగిలింది ఫినిషింగే కదా అని సైటు ఇన్‌ఛార్జి 70 శాతం అంటారు. రెండు నెలల క్రితం కూడా ఆయన ఇదే అంకె చెప్పారు. గడువులో 10 నెలలు గడిచాయి కాబట్టి కాలం లెక్కన 56 శాతం. ఈ పనికి మేము వేసుకున్న సొంత బడ్జెట్ 8 కోట్ల 80 లక్షలు, అందులో 5 కోట్ల 6 లక్షలు ఖర్చయ్యాయి, అంటే 57 శాతం పైచిలుకు. ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే పని సజావుగానే ఉన్నట్టు కనిపిస్తుంది, బ్యాంకు ఖాతాలో డబ్బు కూడా ఉంది. అయినా సైటులో తిరిగినప్పుడు నాకు ఆ ధీమా కలగడం లేదు.

వీటిలో ఏ అంకెను నెలవారీ నివేదికలో పెట్టాలి? పని ఎప్పటికి పూర్తవుతుంది, మొత్తం ఎంత అవుతుంది అనే రెండు ప్రశ్నలకు ఇప్పుడే ఆధారంతో సమాధానం చెప్పగలిగే పద్ధతి ఏదైనా ఉందా? ఇలాంటి మధ్యస్థాయి పనుల్లో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1: బేస్‌లైన్_హైదరాబాద్

మీరు చెప్పిన నాలుగు అంకెల్లో ఒక్కటి కూడా ప్రగతి కాదండి. బిల్లు అనేది క్లయింటు నుంచి మీకు రావలసిన డబ్బు, ఖర్చు అనేది మీ చేతి నుంచి పోయిన డబ్బు, కాలం ఎవరి ప్రమేయమూ లేకుండా గడిచిపోయేది, సైటు ఇన్‌ఛార్జి చెప్పేది అభిప్రాయం. మీకు కావలసిన అయిదో అంకె వేరే ఉంది: ఇప్పటివరకు నిజంగా పూర్తయిన పనికి మీ సొంత బడ్జెట్‌లో ఎంత కేటాయించారు అన్నది. దీనినే ఎర్న్‌డ్ వాల్యూ అంటారు, నేను సాధించిన విలువ అని రాస్తాను. ఇది దొరికితే, దానిని ఈ తేదీకి ప్రణాళిక ప్రకారం జరగవలసిన పని విలువతో పోలిస్తే వేగం తెలుస్తుంది, అసలు ఖర్చుతో పోలిస్తే పొదుపో దుబారానో తెలుస్తుంది. ఖర్చును ప్రణాళికతో నేరుగా పోల్చడం వల్ల ఏమీ తెలియదు. తక్కువ ఖర్చయిందంటే పొదుపుగా చేశారని అర్థం కావచ్చు, అసలు పనే జరగలేదని కూడా కావచ్చు.

ఈ పద్ధతికి అధికారిక రూపం ఇచ్చింది అమెరికా రక్షణ శాఖ. 1967లో తన పెద్ద కాంట్రాక్టులకు 35 నియమాలతో దీనిని తప్పనిసరి చేసింది. అంత యంత్రాంగం ఒక వసతిగృహానికి అవసరం లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, ముందుగా రాసుకున్న కొన్ని నియమాలు, నెలాఖరున సైటులో ఒక పూట నడక చాలు.

మొదట మీ 8 కోట్ల 80 లక్షల బడ్జెట్‌ను పని భాగాల వారీగా విడదీయండి. బీవోక్యూ (కాంట్రాక్టులోని పనుల, పరిమాణాల, రేట్ల పట్టిక) రేట్లను దీనికి వాడవద్దు, కారణం ఇంకెవరైనా వివరంగా చెబుతారేమో చూద్దాం. మీ సొంత అంచనా ఖర్చునే వాడండి. భాగాలు ఎంత చిన్నవిగా ఉండాలంటే, ఒక్కొక్కటీ నెల లోపలో, కొంచెం అటూ ఇటుగానో ముగిసేలా ఉండాలి. "ఫినిషింగ్" అని ఒకే వరుసలో రెండు కోట్లు రాసుకుంటే ఆ వరుసలో ఎవరు ఏ శాతం చెప్పినా కాదనలేరు. "రెండో అంతస్తు లోపలి ప్లాస్టరింగ్" అని రాసుకుంటే అయిందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది.

రెండోది, సగంలో ఉన్న పనికి ఎంత విలువ ఇవ్వాలన్నది పని మొదలు కాకముందే రాసిపెట్టుకోవాలి. చిన్న పనులకు నేను పూర్తయితే మొత్తం విలువ, లేకపోతే సున్నా అనే నియమాన్నే పాటిస్తాను. స్లాబు లాంటి పెద్ద పనికి మాత్రం మెట్లు పెట్టుకోవాలి. ఉదాహరణకు సెంట్రింగ్ పూర్తయితే 30 శాతం, స్టీలు కట్టి తనిఖీ అయితే మరో 35, కాంక్రీటు వేస్తే మరో 30, క్యూరింగ్ ముగిసి సెంట్రింగ్ విప్పితే చివరి 5. ఈ శాతాలు మీ ఖర్చు నిష్పత్తిని బట్టి మారవచ్చు, కానీ ఒకసారి రాసుకున్నాక నెల నెలకూ మారకూడదు. సెంట్రింగ్ ముప్పావు వంతు అయిందని ఎవరైనా అంటే ఆ నెలకు దాని విలువ సున్నాయే. ఇది కఠినంగా అనిపిస్తుంది గాని, వచ్చే నెలలో ఆ విలువ ఎలాగూ చేరుతుంది. లెక్క కొద్దిగా వెనకబడి ఉండడం వల్ల జరిగే నష్టం కంటే లేని ప్రగతిని ఉన్నట్టు చూపడం వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ.

మీ ఇన్‌ఛార్జి గారు రెండు నెలలుగా 70 శాతమే చెప్పడంలో వింత లేదు. మనిషి మనసులో ప్రగతిని చేసిన శ్రమతో కొలుచుకుంటాడు, మిగిలిన పనితో కొలవడు. అందువల్ల మొదట్లో అంకె వేగంగా పెరిగి చివర్లో కదలకుండా ఆగిపోతుంది. ఆయనను శాతం అడగడం మానేసి, ఈ భాగం పూర్తి కావడానికి ఇంకా ఎన్ని రోజులు, ఎంత మంది మనుషులు కావాలి అని అడగండి. అదే మనిషి నుంచి ఎంతో నమ్మదగిన సమాధానం వస్తుంది.

ఈ రెండు సర్దుబాట్లూ చేసి సాధించిన విలువ ఎంత వచ్చిందో, మీ మొదటి ప్రణాళిక ప్రకారం ఎనిమిది, తొమ్మిది, పది నెలల చివర ఎంత విలువ పని కావలసి ఉందో ఇక్కడ రాస్తే మిగతా లెక్క కలిసి చూద్దాం.

సమాధానం 2: ఎంబుక్_విశ్రాంత

పై మిత్రులు వదిలిపెట్టిన కారణాన్ని నేను చెబుతాను. ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని. బిల్లులను ఇటువైపు నుంచి చూసిన అనుభవంతో రాస్తున్నాను.

ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కిన కొలత చెల్లింపు కోసం తీసుకున్నది. అది కచ్చితమైనదే, కానీ దానికి రేటు కట్టినప్పుడు వచ్చే మొత్తం పని ఎంత మిగిలిందో చెప్పదు. టెండరు వేసేటప్పుడు చాలామంది కాంట్రాక్టర్లు మట్టిపని, పునాదులు, కాంక్రీటు, స్టీలు వంటి ముందు వచ్చే ఐటమ్‌లకు రేటు పెంచి, చివర వచ్చే ఫ్లోరింగు, పెయింటింగు, శానిటరీ ఫిట్టింగులకు తగ్గించి రాస్తారు. మొత్తం విలువ మారదు, కానీ డబ్బు ముందుగా చేతికి వస్తుంది. ఇలా వచ్చిన డబ్బు లాభం కాదు. చివరి ఐటమ్‌లలో రాబోయే లోటును పూడ్చవలసిన డబ్బు ముందే చేతిలో పడినట్టు లెక్క. ఆ మొత్తాన్ని మరో సైటుకు మళ్లించిన కాంట్రాక్టరు ఫినిషింగ్ దశలో పని ఆపి కూర్చోవడం నేను పలుమార్లు చూశాను. అనుభవం ఉన్న ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఎవరైనా టెండరు పరిశీలించేటప్పుడే ఈ వంకర రేట్లను గుర్తుపట్టి జాగ్రత్త పడతారు.

ఇంకొక సంగతి. సైటుకు తెచ్చి పెట్టిన స్టీలు, టైల్సు వంటి సామగ్రి మీద కొన్ని కాంట్రాక్టులలో అడ్వాన్సు ఇస్తారు. మీ 6 కోట్లలో అలాంటిది ఏమైనా కలిసి ఉంటే దానిని తీసివేసి చూడండి. గోదాములో ఉన్న టైలు నేల మీద పరిచిన టైలు కాదు.

మీరు అడగలేదు గాని తప్పక చెప్పవలసినది హిండ్రెన్స్ రిజిస్టరు, అంటే ఆటంకాల నమోదు పుస్తకం. పునాదుల దగ్గర సమయం పోయిందన్నారు. ఏ తేదీన ఏ ఆటంకం మొదలైంది, ఎప్పుడు తొలగింది, దానివల్ల ఏ పని ఆగింది అన్నది ఆ రోజుల్లోనే రాసి కన్సల్టెంటు సంతకం తీసుకుని ఉంటే గడువు పొడిగింపు అడగడానికి మీకు ఆధారం ఉంటుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ పనులలో ఈ రిజిస్టరు తప్పనిసరి. ప్రైవేటు పనుల్లో ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ రాయరు, చివరకు జరిమానా క్లాజు దగ్గర వాదన మాటలకే మిగులుతుంది.

అలాగే మొదటి ప్రణాళికను ఎన్నడూ చెరిపివేయవద్దు. 150 కోట్లు, అంతకు పైబడిన కేంద్ర ప్రాజెక్టులపై గణాంక మంత్రిత్వ శాఖ వెలువరిస్తూ వచ్చిన నివేదికలలో మొదట మంజూరైన వ్యయమూ ఇప్పటి అంచనా వ్యయమూ, మొదటి గడువూ ఇప్పటి గడువూ పక్కపక్కనే ఉంటాయి. గడువు పొడిగించగానే పాత తేదీని తీసివేసి కొత్త తేదీ ప్రకారం అంతా సకాలంలోనే ఉందని రాసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అటువంటి నివేదికను చదవడం వృథా.

రేగడి_ప్లానర్

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పిన పద్ధతిలో బడ్జెట్‌ను విడదీసి, నియమాలు రాసుకుని, సైటు ఇన్‌ఛార్జి గారిని వెంటబెట్టుకుని అంతస్తు అంతస్తూ తిరిగి లెక్క వేశాను. సాధించిన విలువ 4 కోట్ల 40 లక్షలు వచ్చింది, అంటే సరిగ్గా సగం. ఈ అంకె చూసి ఆయన మొదట ఒప్పుకోలేదు, తర్వాత భాగాల జాబితా చదివి మౌనంగా ఉండిపోయారు.

మొదటి ప్రణాళిక ప్రకారం జరగవలసిన పని విలువ ఎనిమిదో నెల చివర 4 కోట్ల 20 లక్షలు, తొమ్మిదో నెల చివర 4 కోట్ల 70 లక్షలు, పదో నెల చివర 5 కోట్ల 20 లక్షలు. ఖర్చు ముందు రాసినట్టు 5 కోట్ల 6 లక్షలు. బిల్లులో సామగ్రి అడ్వాన్సు ఏమీ లేదు. పునాదుల దగ్గర బడ్జెట్ మీద అదనంగా అయినది 38 లక్షలు. లోతు పెరిగినందుకు ఆ అదనపు పరిమాణం ఇంకా కన్సల్టెంటు దగ్గర పరిశీలనలో ఉంది, బిల్లులో చేరలేదు. పెద్దాయన చెప్పినట్టే మా టెండరులో స్ట్రక్చరు రేట్లు ఎక్కువగా, ఫినిషింగ్ రేట్లు తక్కువగా ఉన్నాయి.

బేస్‌లైన్_హైదరాబాద్

ఇప్పుడు లెక్క తేటగా కనిపిస్తోంది. 4 కోట్ల 40 లక్షల విలువైన పనికి 5 కోట్ల 6 లక్షలు ఖర్చు చేశారు, అంటే 66 లక్షలు అదనం. సాధించిన విలువను ఖర్చుతో భాగిస్తే 0.87, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికి 87 పైసల పని జరిగిందన్నమాట. అదే విలువను ప్రణాళిక విలువ 5 కోట్ల 20 లక్షలతో భాగిస్తే 0.85 వస్తుంది, అంటే ప్రణాళిక వేగంలో 85 శాతం.

మొత్తం ఎంత అవుతుందన్న ప్రశ్నకు మూడు సమాధానాలు ఉన్నాయి, వాటిలో ఏది ఎంచుకోవాలన్నది అదనపు ఖర్చుకు కారణం ఏమిటన్న దాని మీద ఆధారపడుతుంది. జరిగిన అదనం మళ్లీ జరగదు, మిగిలిన పని బడ్జెట్ ప్రకారమే అవుతుందని అనుకుంటే 5 కోట్ల 6 లక్షలకు మిగిలిన 4 కోట్ల 40 లక్షలు కలిపి 9 కోట్ల 46 లక్షలు. ఇప్పటివరకు జరిగిన తీరే చివరిదాకా కొనసాగుతుందని అనుకుంటే 8.80ని ఆ 0.87 నిష్పత్తితో (పూర్తి అంకె 0.8696) భాగించాలి, 10 కోట్ల 12 లక్షలు వస్తుంది. అంటే కాంట్రాక్టు విలువనే దాటి 12 లక్షల నష్టం.

అయితే మీరు కారణాన్ని విడదీసి చెప్పారు కాబట్టి మూడో దారి ఉంది. పునాదుల 38 లక్షలు మళ్లీ రావు, ఆ పని ముగిసింది. మిగతా 28 లక్షలు స్ట్రక్చరులో కూలీ, స్టీలు వృథా వంటి చోట్ల పోయి ఉంటాయి, అవి పనితీరుకు సంబంధించినవి. పునాదుల అదనాన్ని పక్కన పెడితే 4.68 కోట్లకు 4.40 కోట్ల పని, అంటే 0.94. ఈ తీరున మిగిలిన పనికి 4 కోట్ల 68 లక్షలు పడుతుంది, మొత్తం 9 కోట్ల 74 లక్షలు. నేనైతే యజమానికి ఈ అంకెనే ప్రధానంగా చూపి, పైన కింద మిగతా రెండింటినీ హద్దులుగా ఇస్తాను. మొదట ఆశించిన లాభం కోటి 20 లక్షలు, ఇప్పుడు అది 26 లక్షలకు దిగింది. స్ట్రక్చరులో పోయిన తీరే ఫినిషింగ్‌లోనూ పోతుందని చెప్పలేము, అది వేరే మేస్త్రీలు, వేరే సామగ్రి. అందుకే ప్లాస్టరింగ్ మొదలైన మొదటి నెలలోనే ఆ పనికి విడిగా ఈ నిష్పత్తి కట్టి చూడాలి.

ఇక బ్యాంకు ఖాతాలో డబ్బు సంగతి. 6 కోట్లకు బిల్లు పెట్టి 5 కోట్ల 6 లక్షలు ఖర్చు చేశారు కాబట్టి 94 లక్షలు మిగులు కనిపిస్తుంది, సెక్యూరిటీ కింద పట్టి ఉంచిన మొత్తాన్ని తీసేస్తే ఇంకొంత తక్కువ. కానీ ఇకపై మీకు రావలసినది 4 కోట్లు మాత్రమే, మీరు చేయవలసిన పని బడ్జెట్ ప్రకారమే అయినా 4 కోట్ల 40 లక్షలు, ఇప్పటి తీరున 4 కోట్ల 68 లక్షలు. అంటే ఇక్కడినుంచి మొత్తం మీద రాబడి కంటే ఖర్చు ఎక్కువ. ఈ ఒక్క వాక్యాన్ని మీ యజమానికి చెప్పగలిగితే మిగతా నివేదిక చదవకపోయినా ఫరవాలేదు.

మూడు అంకెల్లో తీపిదాన్నే పైకి పంపే ప్రలోభం పెద్ద సంస్థలలోనూ ఉంటుంది. అమెరికా నౌకాదళం కోసం తలపెట్టిన ఏ-12 యుద్ధ విమానం పనిలో ఖర్చు అదుపు తప్పుతోందని ఇలాంటి లెక్కలే ముందుగా చూపించాయి, అయినా పైకి ఆశాజనకమైన అంచనాలే వెళ్లాయి. చివరకు 1991 జనవరిలో ఆ ప్రాజెక్టునే రద్దు చేశారు.

సమాధానం 3: ఫ్లోట్_లేదు

ఖర్చు లెక్కతో నాకు పేచీ లేదు. వేగం లెక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మెట్రో రైలు, ఫ్యాక్టరీ పనుల్లో షెడ్యూలింగ్ చేస్తున్నవాడిగా చెబుతున్నాను.

0.85 అనేది రూపాయల నిష్పత్తి. అందులో ఏ పని వెనకబడిందన్నది కనబడదు. ప్రహరీ గోడను ముందుగా కట్టేసి, సెప్టిక్ ట్యాంకు తవ్వేసి ఆ నిష్పత్తిని 0.95కు తేవచ్చు, భవనం మాత్రం ఒక్క రోజు కూడా ముందుగా పూర్తి కాదు. పైగా ఈ నిష్పత్తికి ఒక పుట్టులోపం ఉంది: ఎంత ఆలస్యమైన ప్రాజెక్టులోనైనా పని మొత్తం పూర్తయిన రోజున సాధించిన విలువ, ప్రణాళిక విలువ సమానం అవుతాయి కాబట్టి అది 1కి చేరి తీరుతుంది. ఆరు నెలలు ఆలస్యంగా ముగిసిన పని కూడా కాగితం మీద నూటికి నూరు. అందుకే వాల్ట్ లిప్కే అనే ఆయన 2003లో దీనిని రూపాయల్లో కాక కాలంలో చూడాలని ప్రతిపాదించారు. మీ అంకెలతోనే చూడండి. ఇవాళ మీ దగ్గర ఉన్న 4 కోట్ల 40 లక్షల విలువ ప్రణాళిక ప్రకారం ఎప్పుడు రావలసింది? ఎనిమిదో నెల చివర 4.20, తొమ్మిదో నెల చివర 4.70, కాబట్టి 8.4 నెలలకు. మీరు పదో నెల చివర ఉన్నారు, అంటే 1.6 నెలలు వెనక. 8.4ని 10తో భాగిస్తే 0.84. ఇదే తీరు కొనసాగితే 18ని 0.84తో భాగించగా 21 నెలలు దాటుతుంది.

ఇది కూడా సూచనే గాని తీర్పు కాదు. అసలు తేదీ క్రిటికల్ పాత్ నుంచే రావాలి, అంటే ఏ ఒక్కటి ఆలస్యమైనా మొత్తం పని ఆలస్యమయ్యే పనుల వరుస నుంచి. మీ భవనంలో ఆ దారి దాదాపు కచ్చితంగా స్లాబుల మీదుగానే వెళుతుంది. నాలుగో స్లాబు, అయిదో స్లాబు అయ్యేదాకా పై అంతస్తుల గోడలు, ప్లాస్టరు, కరెంటు పైపులు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగు ఏవీ కదలవు. అక్కడ వేగాన్ని నిర్ణయించేది మేస్త్రీల సంఖ్య కంటే సెంట్రింగ్ సెట్ల సంఖ్య. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుతో, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గని చోట, 4.5 మీటర్ల వరకు స్పాన్ ఉన్న స్లాబు కింద ప్రాపులు (ఆసరా స్తంభాలు) 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, 6 మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బూడిద కలిసిన సిమెంటు వాడుతుంటే ఇంకొంత ఆగాలి. మీ దగ్గర ఒకే సెట్ ఉంటే ఆ రోజులన్నీ పై అంతస్తు ఎదురు చూడవలసిందే. రెండో సెట్ అద్దెకు తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చును, ఆలస్యపు ప్రతి నెలకూ మీరు భరించే సైటు సిబ్బంది జీతాలు, యంత్రాల అద్దెలు, జరిమానాతో పోల్చి చూడండి. రోజులు తగ్గించాలని ప్రాపులు ముందే తీయడం మాత్రం ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోవద్దు.

ఇంకొకటి: లిఫ్ట్, ట్రాన్స్‌ఫార్మరు, డీజిల్ జనరేటరు వంటివి ఆర్డరు పెట్టిన చాలా వారాలకు గాని రావు. వాటికి బడ్జెట్‌లో విలువ ఉన్నా సైటుకు వచ్చేదాకా సాధించిన విలువలో కనబడవు, కాబట్టి ఆర్డరు ఆలస్యమైన సంగతి ఈ లెక్క మీకు ముందుగా చెప్పదు. వాటి ఆర్డరు తేదీలకు విడిగా ఒక పట్టిక పెట్టుకోవాలి.

పనిలో 20 శాతం దాటాక ఖర్చు నిష్పత్తి పెద్దగా మారదని కొన్నిచోట్ల చదువుతారు. అది అమెరికా రక్షణ కాంట్రాక్టుల మీద చేసిన పరిశీలన, ఇతర రంగాలలో నిలవలేదని తర్వాత చాలామంది చూపారు. 0.87 మీ తలరాత అని అనుకోనవసరం లేదు.

కొంకణ్ రైల్వేలోనూ ఢిల్లీ మెట్రోలోనూ ఆ పనులకు నాయకత్వం వహించిన ఇంజనీరు ఇ. శ్రీధరన్ గారు సైట్లలో, ఆఫీసుల్లో గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే గడియారాలు పెట్టించారు. ఎన్ని శాతం అయిందన్న ప్రశ్నను మిగిలిన రోజులవైపు తిప్పడం వల్లే ఆ బోర్డుకు విలువ వచ్చిందని నా అభిప్రాయం. కాకపోతే వెనక నిర్ణయాలు వెంటనే తీసుకునే అధికారం ఉన్న మనిషి లేకపోతే ఆ గడియారం గోడకు అలంకారం మాత్రమే.

సమాధానం 4: కోడ్_కర్మాగారం

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు చూసేవాడిని. పూర్తయితే మొత్తం, లేకపోతే సున్నా అన్న నియమం మా దగ్గర కూడా నడుస్తుంది. కోడ్ రాయడం అయింది, టెస్టింగే మిగిలింది అన్న పనికి మేము విలువ ఇవ్వము. తేడా ఎక్కడంటే, మీకు స్లాబుల సంఖ్య మారదు, మాకు మొత్తం పని పరిమాణమే ప్రతి నెలా మారుతుంది. అందువల్ల హారంలో ఉన్న అంకె కదిలిపోయి ఈ నిష్పత్తులు తొందరగా అర్థం కోల్పోతాయి. కొలిచే పని స్థిరంగా ఉన్నచోటే ఈ లెక్కను అంత నమ్మకంతో వాడగలరు.

రేగడి_ప్లానర్

సెంట్రింగ్ ఒకే సెట్ ఉన్న మాట నిజమే. రెండో సెట్‌కు కొటేషన్లు తెప్పిస్తున్నాను. ఇక మిగిలింది ఒక్క సందేహం. మా దగ్గర కూడా పని పరిమాణం మారింది కదా. పునాదుల అదనపు లోతు పరిమాణం మంజూరైతే నా బడ్జెట్‌ను పెంచుకోవాలా? ఇప్పుడే పెంచితే నిష్పత్తి మెరుగ్గా కనిపిస్తుంది, యజమాని కూడా అదే చేయమంటున్నారు.

ఎంబుక్_విశ్రాంత

మంజూరు కాగితం చేతికి రాకముందు పెంచవద్దు. కన్సల్టెంటు నోటి మాటగా ఒప్పుకున్నంత మాత్రాన అది డబ్బు కాదు. అతను మారవచ్చు, క్లయింటు కాదనవచ్చు, పరిమాణం ఒప్పుకుని రేటు తగ్గించవచ్చు.

అంతవరకు నివేదికలో రెండు వరుసలు పెట్టండి. మొదటి వరుసలో మొదటి బడ్జెట్ 8 కోట్ల 80 లక్షలు, దానితో వచ్చిన నిష్పత్తులు. దాని కింద, మంజూరు కావలసిన అదనపు పని అనే శీర్షికతో, ఎంత మొత్తానికి అడిగారు, ఏ తేదీన ఉత్తరం ఇచ్చారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అన్న వివరాలు. మంజూరు వచ్చిన నెలలో కాంట్రాక్టు విలువలోనూ బడ్జెట్‌లోనూ సాధించిన విలువలోనూ ఆ మేరకు కలిపి, తేదీతో సహా మార్పు సంఖ్య వేసి, పాత అంకెను పక్కన ఉంచండి. 38 లక్షలు ఖర్చయిందని 38 లక్షలే వస్తుందని అనుకోవద్దు. వచ్చేది కొలిచిన పరిమాణానికి ఒప్పుకున్న రేటు మాత్రమే. పెరిగిన లోతుకు కొలతలు తవ్విన నాడే, కాంక్రీటు వేయకముందే ఉమ్మడిగా తీసుకుని ఉంటేనే ఆ మొత్తం నిలుస్తుంది. మీ దగ్గర ఆనాటి సంతకాలున్న లెవెల్ షీట్లు ఉన్నాయో లేదో ముందు అది వెతకండి, గడువు పొడిగింపు ఉత్తరానికి కూడా అవే జతచేయవలసి ఉంటుంది.